వాడిన నీళ్ళు

సాయంత్రం నాలుగయ్యేసరికి నది మలుపు దగ్గర మకాం వేసినవాళ్ళందరూ మడత కుర్చీలు తెచ్చుకుని దారి వైపు తిప్పి వేసుకుంటారు. పేరుకి బీరు తాగడానికి, కబుర్లు చెప్పుకోడానికి. అసలు సంగతి, కొత్తగా వచ్చేవాళ్ళు కారు వెనక తగిలించుకొచ్చిన చక్రాల ఇంటిని, అదే కారవాన్‌ని, వెనక్కి నడిపి చెట్ల మధ్య ఎలా పెడతారో చూడ్డానికి. బిండరా ఊరి చుట్టుపక్కల అంతకు మించిన వినోదం దొరకదు. మొగుడు స్టీరింగు తిప్పుతుంటాడు. పెళ్ళాం వెనక నిలబడి చేతులు ఊపుతుంటుంది. ఆమె ఎడమ అతనికి కుడి అవుతుంది. ఆ ఆదివారం ఒక జంట అందరి కళ్ళముందే విడాకుల దాకా వెళ్ళి, చివరికి ఇద్దరూ కలిసి చెట్టుని తిట్టుకుని సర్దుకున్నారు.

"పదికి ఏడు," అన్నాడు రాయిస్. "చెట్టుకి గీత పడలేదు గదా."

"పెళ్ళానికి పదికి పది వెయ్యాలి. ఆ నోటికి," అన్నాడు నెవ్.

గ్లెనిస్ మార్కుల జోలికి పోలేదు. ఆమె చూసేది బండి కింది భాగం. మకాం చూసే మనిషి ఆమె. ఊరి కౌన్సిల్ ఈ చలికాలానికి ఆమెనీ మొగుడు నెవ్‌నీ అక్కడ పెట్టింది. పెద్ద చెట్టు నీడలో మంచి చోటు వాళ్ళది. బదులుగా గ్లెనిస్ మరుగుదొడ్లు కడుగుతుంది, చెత్త ఏరుతుంది, నియమం చూస్తుంది. నియమం ఒక్కటే: గిన్నెలు కడిగిన నీళ్ళు, స్నానం చేసిన నీళ్ళు నేల మీద పడకూడదు. వాటిని పట్టి ఉంచే ట్యాంకు లేని బండి ఇక్కడ ఆగకూడదు. అంతకు ముందు ఏడాది సబ్బు నురగ నదిలోకి దిగిందని కౌన్సిల్ మకామే ఎత్తేయబోయింది. రొట్టెల కొట్టువాడూ డీజిలు బంకువాడూ వెళ్ళి బతిమాలితే ఆగింది.

ముప్పై ఏళ్ళు దాణా కొట్టులో కాటా ముందు నిలబడ్డ మనిషి గ్లెనిస్. వచ్చిన సరుకెంత, పోయిన సరుకెంత అని చూడకుండా ఉండలేదు. చెట్టుకి ఒక అట్ట కట్టింది, తన చేత్తోనే రాసి: "నువ్వు వాడిన నీళ్ళు నీతోనే వెళ్ళాలి." కుర్చీలు వేసుకున్నప్పుడల్లా ఆ మాట ఒకసారైనా అనకుండా ఆమె లేచేది కాదు. వినేవాళ్ళు బీరు చూసుకుంటూ తల ఊపేవాళ్ళు.

ఆ ఆదివారం కూడా ఆమె ఆ మాట అంటుండగానే కాలిన వాసన వచ్చింది. దాని వెనక ఒక చిన్న కారు వచ్చింది. కారు వెనక ప్లైవుడ్డుతో చేసిన గుడ్డులాంటి కారవాన్. మామూలు కారవాన్ దాని పక్కన నిలబడితే ఇది దాని పిల్లేమో అనుకోవాలి. కారు మూలుగుతూ ఆగింది. ఎనభై దాటిన ఒక ముసలామె దిగింది, ఎర్ర ఊలు టోపీ, నోట్లో సిగరెట్టు. జనం కుర్చీల్లో ముందుకి జరిగారు. ఆమె వెనక్కి నడపలేదు. కొక్కెం ఊడదీసి, కారవాన్‌ని భుజంతో రెండు చెట్ల మధ్యకి తోసుకుంటూ పోయింది.

ఆట చూడ్డానికొచ్చి మోసపోయినట్టు అందరూ ఉసూరుమన్నారు.

"చూస్తూ కూచున్నారేం?" అందామె. "చేతులు పడిపోయాయా? ఒకడెవడైనా లేచి తొయ్యండి."

నెవ్ లేచి తోశాడు. "ఇది బండా, చేతిసంచా?" అన్నాడు.

"ఏదైతేనేం, నేనూ ఇదీ ఎక్కడా ఇరుక్కోలేదు," అంది ఆమె. ఆమె పేరు థెల్మా.

గ్లెనిస్ వెళ్ళింది. ముందు నవ్వింది, తర్వాత వంగింది, కింద పైపు లేదు, ట్యాంకు లేదు.

"నీళ్ళు ఎక్కడికి పోతాయండీ?"

"ఏ నీళ్ళు?"

"గిన్నెలు కడిగినవి. స్నానం చేసినవి."

"గిన్నె ఒకటే. స్నానానికి తువ్వాలు తడుపుతాను. మిగిలింది ఈ బేసిన్లో ఉంటుంది. బేసిన్ ఎక్కడికీ పోదమ్మాయ్, నా దగ్గరే ఉంటుంది."

అరవై ఏడేళ్ళ గ్లెనిస్‌ని 'అమ్మాయ్' అని ఎవరైనా పిలిచి చాలా ఏళ్ళయింది. దానికి కొంచెం మెత్తబడింది గానీ నియమం మెత్తబడదు. "ట్యాంకు లేకపోతే ఇక్కడ ఆగకూడదండీ. కౌన్సిల్ నియమం."

"తర్వాతి చోటు ఎంత దూరం?"

"నూట అరవై కిలోమీటర్లు."

థెల్మా కారు ముందు భాగం మీద చెయ్యి వేసింది, జ్వరం చూసినట్టు. "దీని క్లచ్ పోతోంది. ఊళ్ళో మెకానిక్ కూతురి పెళ్ళికి వెళ్ళాడట, గురువారం వస్తాడట. ఇప్పుడు బయల్దేరితే దార్లో ఆగిపోతుంది. ఆగిపోతే నేనూ ఆగిపోతాను."

"అంటే?"

"మా అమ్మాయితో ఒప్పందం. పోయినేడు రెండుసార్లు లారీ మీద ఎక్కించుకుని ఇంటికి తీసుకెళ్ళారు. మూడోసారి అయితే కారు తాళాలు ఇచ్చెయ్యాలి. అది పైకి ఏమీ అనదు, కానీ వంటింట్లో మేకు కొట్టి ఉంచింది తాళాలు తగిలించడానికి."

గ్లెనిస్ చెట్టుకి కట్టిన అట్ట వైపు చూసింది. అనాల్సినది రాయిస్ కుర్చీలోంచే అన్నాడు. అతని బండి ఈ మకాంలో అన్నిటికంటే పెద్దది, లాగే బండి అంతకంటే పెద్దది, లోపల బట్టలుతికే యంత్రం కూడా ఉంది.

"నియమం ఒకరికి ఒకటి, ఇంకొకరికి ఒకటి ఉండదు గదా గ్లెనిస్! మేం నీళ్ళు మోసుకు చావట్లేదా? బుధవారం కౌన్సిల్ నుంచి వార్విక్ వస్తాడు. నేల మీద ఒక్క చుక్క కనిపించినా మకాం ఎత్తేస్తానన్నాడు."

అందులో అబద్ధం లేదు. రాయిస్ రోజూ పొద్దున్నే బండి ట్యాంకులోని నీళ్ళు ఒక చక్రాల ట్యాంకులోకి దింపి, దాన్ని తాడుతో లాక్కుంటూ దారి చివర ఉన్న మురుగు గుంట దాకా వెళ్ళి పారబోసి వస్తాడు. ఆ శబ్దానికే మకాం నిద్ర లేస్తుంది.

"బుధవారం పొద్దున్న దాకా ఉండండి," అంది గ్లెనిస్ చివరికి. "అప్పటికి ఏదో ఒకటి చూద్దాం."

"ఏదో ఒకటి అంటే వెళ్ళమనేగా," అంది థెల్మా. "సరే. టీపొడి ఉందా మీ దగ్గర? నాది అయిపోయింది."

సోమవారం గ్లెనిస్ పటకారు, సంచి పట్టుకుని చెత్త ఏరుతూ తిరిగింది. సిగరెట్ పీకలు, సీసా మూతలు, ఒక చెప్పు. పని చేస్తూనే థెల్మా వైపు కన్ను వేసి ఉంచింది. నేల మీద ఒక్క చుక్క పడితే ఆ మాట వార్విక్‌కి చెప్పడం తేలిక. తప్పు కనిపిస్తే మనసుకి బరువు ఉండదు.

చుక్క పడలేదు. థెల్మా కెటిల్ లోంచి కొంచెం నీళ్ళు బేసిన్లో పోసి ముందు ముఖం కడుక్కుంది, తర్వాత కప్పు కడిగింది, తర్వాత ప్లేటు, ఆఖరికి మేజోళ్ళు. ఆ వరస చూసి గ్లెనిస్ ముక్కు చిట్లించింది, లెక్క మాత్రం నచ్చింది. మిగిలిన నీళ్ళు మూత ఉన్న చిన్న బకెట్లో పోసుకుని థెల్మా దారి పక్కన నిలబడింది, బస్సు కోసం నిలబడ్డట్టు. రాయిస్ చక్రాల ట్యాంకు లాక్కుంటూ వచ్చాడు.

"అబ్బాయ్, ఆగు," అంది.

ఆగాడు. ఆమె అతని ట్యాంకు మూత తిప్పి తన బకెట్ అందులో ఒంపేసింది.

"ఏంటిది! ఏంటిది!"

"నువ్వు ఎలాగూ అటే పోతున్నావు గదా."

"నీ మేజోళ్ళ నీళ్ళు నా ట్యాంకులో పోస్తావా?"

"నీ ట్యాంకులో ఏం గంగా జలం ఉందా? మీ ఆవిడ దుప్పట్లుతికిన నీళ్ళేగా! మా మేజోళ్ళకి అక్కడ కొత్తేం ఉండదు."

కుర్చీల్లో ఎవరో గట్టిగా నవ్వారు. రాయిస్ ట్యాంకు లాక్కుపోయాడు, మొదట విసురుగా, తర్వాత బరువుకి తగ్గట్టు నెమ్మదిగా. తిరిగొచ్చాక గ్లెనిస్ అతని దగ్గరికి వెళ్ళింది.

"నీ దగ్గర ఇంకో చక్రాల ట్యాంకు ఉంది గదా, చిన్నది. గురువారం దాకా ఆవిడకి ఇవ్వకూడదూ? ట్యాంకు ఉంటే నియమానికి అడ్డు లేదు. ఎలాంటిదైనా సరే అని ఉంది."

"నీ దగ్గర ఉంది గదా, నీదే ఇవ్వు," అన్నాడు రాయిస్.

దానికి ఆమె దగ్గర సమాధానం ఉంది. తమ దగ్గర ఉన్నది ఒకటే. అదిస్తే నెవ్ దేంతో మోస్తాడు? ఆమె మరుగుదొడ్లు కడగడానికి వెళ్ళిన వేళ నెవ్ ఆ పని చేస్తాడు. మంచినీళ్ళు నింపడం ఆమె వంతు, వాడిన నీళ్ళు పారబొయ్యడం అతని వంతు. ఇంటి నుంచి ఈ ప్రయాణానికి బయల్దేరిన రోజునే పంచుకున్నారు. నడుం నొప్పి మనిషి, ఒక్కరోజు కూడా ఎగ్గొట్టలేదు. అడిగితే "అయిపోయింది, గ్లెన్" అంటాడు. ఆ మాట రాయిస్‌తో అంది. అంటున్నప్పుడు కొంచెం గర్వంగానే ఉంది.

ఆ సాయంత్రం మామూలుగానే కంగారూలు వచ్చాయి. చిన్నజాతివి, కుక్కపిల్లంత ఉంటాయి. ఇన్ని బండ్లు ఉండగా అవి నేరుగా గ్లెనిస్ వాళ్ళ కారవాన్ కిందికే వస్తాయి, అక్కడే తలలు వంచుకుని చాలాసేపు ఉంటాయి. పొద్దున పూట గులాబీ రంగు చిలకలు, కాకటూలు వస్తాయి. ఇక్కడే కాదు, ఈ ప్రయాణంలో ఎక్కడ ఆగినా అంతే. గ్లెనిస్ ఫోటోలు తీసి చెల్లెళ్ళకి పంపుతుంది.

"వాటికి తెలుస్తుంది," అంది కుర్చీల వాళ్ళతో. "నేలని పాడు చెయ్యని మనుషులెవరో, చేసేవాళ్ళెవరో. మనం చెప్పక్కర్లేదు."

నెవ్ బీరు సీసా మీది కాగితం గోటితో గీకుతూ కూర్చున్నాడు. "అవునవును," అన్నాడు.

మంగళవారం మధ్యాహ్నానికి గ్లెనిస్ మనసు బేరానికి వచ్చింది. రెండు రోజులే గదా. పగలు తమ ట్యాంకు థెల్మా దగ్గర ఉంచొచ్చు, పొద్దున్నే నెవ్ దాన్ని వాడుకుని తిరిగి ఇచ్చెయ్యొచ్చు. ఇద్దరికీ నష్టం లేదు. నెవ్ నది ఒడ్డున గాలం వేసుకుని కూర్చున్నాడు. అతన్ని అడగడం ఎందుకని ఆమే కారవాన్ ముందు పెట్టె తెరిచింది. గొడుగులు, గునపం, తాళ్ళు, వాటి వెనక చక్రాల ట్యాంకు.

ట్యాంకు మీద కొన్న నాటి ప్లాస్టిక్ తొడుగు ఉంది. ఎలా వాడాలో చెప్పే కాగితం మూతకి కట్టినట్టే ఉంది. చక్రాలకి మట్టి లేదు. రెండు చక్రాల మధ్య సాలెపురుగు ఒకటి తీరిగ్గా కాపురం పెట్టుకుంది.

గ్లెనిస్ దాన్ని కిందికి దించి నేల మీద కూర్చుంది. ఎదురుగా పెట్టుకుని చూసింది. తాను నింపిన నీళ్ళు తలుచుకుంది. రోజు విడిచి రోజు డబ్బాలతో మోసి నింపుతోంది. లోపలికి అంత సరుకు వెళుతున్నప్పుడు ఏదో ఒక దారిన బయటికి రావాలి. కొట్టులో అయితే ఈ పాటికి గోడలు పగిలేవి. ఇన్నాళ్ళూ తను ఒకవైపు లెక్కే చూసింది.

మోకాళ్ళ మీద పాకి కారవాన్ కిందికి తల పెట్టింది. బండికి బిగించిన ట్యాంకు కింద వాల్వు బార్లా తెరిచి ఉంది. దానికి ఒక నల్ల పైపు. పైపు బండి మధ్యకి, మెట్టు వెనక ఎవరికీ కనపడని చోటుకి వెళ్ళి ఆగింది. అక్కడ పైపు చివర నుంచి ఒక్కొక్క చుక్కా పడుతోంది. చుట్టూ నేలంతా ఎర్రగా, ఎండి బీటలు వారి ఉంటే, అక్కడ మాత్రం మంచమంత మేర పచ్చగడ్డి. ఒత్తుగా, మెత్తగా, కళ్ళకి ఆనేలా. మెట్టు దాటి బయటికి పాకిన దాని అంచుని ఇన్నాళ్ళూ చెట్టు నీడ చలవే అనుకుంది. గడ్డి మధ్యలో ఒక కంగారూ కూర్చుని నములుతోంది. నమలడం ఆపకుండానే గ్లెనిస్ వైపు చూసింది. ఈ ఇంటికి నువ్వు కూడా వస్తావా అన్నట్టుంది ఆ చూపు.

నెవ్ రెండు చేపలతో వచ్చేసరికి గ్లెనిస్ చక్రాల ట్యాంకు మీద కూర్చుని ఉంది. అతను చేపలు వెనక దాచుకున్నాడు, ఎందుకో అతనికే తెలీదు.

"అయిపోయిందా, నెవ్?" అంది.

"ఏది?"

"రోజూ అయ్యేది."

నెవ్ పక్కన ఉన్న బకెట్ బోర్లించి దాని మీద కూర్చున్నాడు. కాసేపు చేపల మొహాలు చూశాడు.

"నిండితే ఎంత బరువో తెలుసా గ్లెన్? ఆవుని లాగుతున్నట్టుంటుంది. బండి డీజిలు తాగేస్తుంది. డీజిలు తగలెయ్యడం మాత్రం భూమికి మంచిదా?"

"ఇక్కడ బండి కదలట్లేదు గదా."

"నా నడుం కదలాలి గదా." ఆ దారి కూడా మూసుకుపోవడం చూసి ఇంకోటి వెతికాడు. "అయినా ఏం పాడైంది చెప్పు. గడ్డి మొలిచింది. నువ్వే చూశావు, ఎంత బావుందో. కంగారూలు తింటున్నాయి."

"ఎప్పట్నుంచి?"

"మొదటి వారం మోద్దామనే అనుకున్నాను."

"అన్నిచోట్లా?"

నెవ్ చేప తోక సర్దాడు.

గ్లెనిస్ కళ్ళముందు ఆగిన ప్రతి చోటూ వరసగా వచ్చింది. గోధుమ గోదాముల పక్కన కంగారూలు. పాత రైల్వే స్టేషన్ దగ్గర కాకటూలు. బొగ్గు గనుల దగ్గర ఈమూ పక్షి కూడా వచ్చింది, ఆమె దానికి పేరు పెట్టింది. "అవి నన్ను నమ్మాయనుకున్నాను," అంది. "మా చెల్లెళ్ళకి ఫోటోలు పంపాను."

"నమ్మే ఉంటాయి. కడుపు నిండితే ఎవరైనా నమ్ముతారు."

ఆమె చేతికి అందింది పటకారు. విసరలేదు. మళ్ళీ బండి కిందికి పాకి వాల్వు తనే మూసింది. బయటికొచ్చి మోకాళ్ళు దులుపుకుంది.

"రేపు వార్విక్ వస్తాడు," అన్నాడు నెవ్. "చాప పరిచేద్దాం. దాని మీద కుర్చీలు, బల్లా వేద్దాం. నువ్వు కేకు చెయ్యి. కేకు ఎదురుగా ఉన్నవాడు కింద చూడడు."

ఆ మాట వినకుండా ఉంటే బావుండేది. విన్నాక అది బుర్రలోంచి పోదు. పరువు ఒకవైపు, నలుగురి మకాం ఒకవైపు. మకాం చూసే మనిషే దోషి అయితే వార్విక్ అందర్నీ లేపేస్తాడేమో. అట్ట మీద తన చేతిరాత. థెల్మాకి ట్యాంకు ఇద్దామన్నా ఇప్పుడు కుదరదు. ప్లాస్టిక్ తొడుగు తీసినా అది కొత్తదని గుడ్డివాడికైనా తెలుస్తుంది, రాయిస్‌కి గుడ్డితనం లేదు. ఆమె మెల్లగా ట్యాంకుని మళ్ళీ గొడుగుల వెనక పెట్టింది. ఇద్దరూ కలిసి ఆకుపచ్చ చాప పరిచారు. చాప కింద గడ్డి కాలికి పరుపులా తగిలింది.

థెల్మా అటుగా వచ్చింది, టీపొడికి. "ఏదైనా దొరికిందా అమ్మాయ్, నా సంగతి?"

"లేదండీ," అంది గ్లెనిస్. జీవితంలో ఎన్నో బస్తాలు తూచింది, తక్కువ తూచడం అదే మొదటిసారి.

"పోనీలే. పొద్దున్నే లేచి నెమ్మదిగా పోతాను. గాలి ఎదురు లేకపోతే సగం దూరమైనా వెళ్ళకపోదు." టీపొడి డబ్బా తీసుకుని, చాప మీద ఒకసారి కాలు ఊపింది. "ఇక్కడ నేల బావుందే, మెత్తగా."

బుధవారం పొద్దున వార్విక్ తెల్ల ట్రక్కులో వచ్చాడు. పెద్ద టోపీ, పెద్ద పొట్ట, ఎవరితోనూ గొడవ అక్కర్లేని ముఖం. మరుగుదొడ్లు చూసి తల ఊపాడు. గ్లెనిస్ కేకు కోసి పెట్టింది. చాప మీది కుర్చీలో కూర్చుని తినడం మొదలుపెట్టాడు. మకాంలో వాళ్ళు ఒక్కొక్కళ్ళే కప్పులు పట్టుకుని చేరారు. నెవ్ కెటిల్ పట్టుకుని ఎవరికీ అవసరం లేకపోయినా టీ పోస్తున్నాడు.

ఆవలి చెట్ల దగ్గర థెల్మా కారవాన్‌ని కారుకి తగిలించుకుంది. ఎక్కి ఇంజను వేసింది. కారు అరిచింది, వణికింది, ముందుకి మూరెడు కదిలి ఆగింది. కాలిన వాసన కేకు దాకా వచ్చింది.

"అదే నేను ఇందాక చెప్పిన బండి," అన్నాడు రాయిస్. "ట్యాంకు లేదు. ఆదివారం నుంచి ఉంది. మొన్న తన నీళ్ళు నా ట్యాంకులో పోసింది."

"నేల మీద పోసిందా?"

"నా ట్యాంకులో పోసిందంటున్నాను. ఇంకేం కావాలి?"

వార్విక్ నిట్టూర్చాడు. చేతికంటిన కేకు తుడుచుకుని గ్లెనిస్ వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు గ్లెనిస్. ఇక్కడ నేల మీద నీళ్ళు వదిలే బండి ఏదైనా ఉందా? నువ్వు లేదంటే నేను వెళ్ళిపోతాను. ఉందంటే దాన్ని పంపించెయ్యాలి."

అందరూ థెల్మా వైపు చూశారు. కారు ఇంకో మూరెడు కదిలింది. థెల్మా రెండు చేతులతో స్టీరింగుని పట్టుకుని దానితో ఏదో చెబుతోంది, తిడుతోందో బతిమాలుతోందో దూరానికి తెలియలేదు.

"ఉంది," అంది గ్లెనిస్. "ఒకటే బండి. మీరు కాస్త లేస్తే చూపిస్తాను."

"నేనా?"

"కుర్చీ అడ్డం ఉంది."

నెవ్ కెటిల్ నేల మీద పెట్టేశాడు. వార్విక్ కేకు ప్లేటుతో సహా లేచాడు. గ్లెనిస్ కుర్చీ పక్కకి పెట్టింది, బల్ల జరిపింది, చాప కొస పట్టుకుని చుట్టుకుంటూ వెనక్కి వెళ్ళింది. రాత్రంతా నలిగిన గడ్డి గాలి తగలగానే నెమ్మదిగా లేవసాగింది. ఒక కప్ప గెంతుకుంటూ బయటికొచ్చి రాయిస్ చెప్పు మీద కూర్చుంది.

వార్విక్ ప్లేటు చేత్తో పట్టుకునే వంగి చూశాడు.

"ఇదేంటి?" అన్నాడు వార్విక్.

"గడ్డి," అన్నాడు నెవ్.

"గడ్డని నాకూ తెలుస్తోంది."

"మా స్నానం నీళ్ళు, మా గిన్నెల నీళ్ళు," అంది గ్లెనిస్. "మేం వచ్చిన రోజు నుంచీ. నాకు నిన్ననే తెలిసింది. నిన్నటి నుంచి దాచింది మాత్రం నేనే."

మొదట నవ్వింది రాయిస్ భార్య మర్లీన్. "అందుకా కంగారూలు!" అంది. నవ్వు కుర్చీ నుంచి కుర్చీకి పాకింది. గ్లెనిస్ ఆ నవ్వంతా నిలబడి తీసుకుంది, వాపసొచ్చిన సరుకు తీసుకున్నట్టు. తర్వాత ముందు పెట్టె తెరిచి, చక్రాల ట్యాంకు దించి, తాడు పట్టుకుని చెట్ల మధ్యకి నడిచింది. కొత్త చక్రాలు కీచుమన్నాయి. థెల్మా కారు పక్కన దాన్ని ఆపి, చేత్తో అద్దం మీద తట్టింది.

"ఇంజను ఆపండి."

"ఇప్పుడే వేడెక్కుతోందే!"

"ఆపండి. మీకు ట్యాంకు ఉంది."

థెల్మా కిందికి చూసింది. "ప్లాస్టిక్ తొడుగు కూడా తియ్యలేదే."

"మీరే తియ్యండి," అంది గ్లెనిస్.

రాయిస్ వార్విక్ వెంటే పరిగెత్తుకొచ్చాడు. "అది ట్యాంకు ఎలా అవుతుంది? బండికి బిగించి ఉండొద్దూ?"

"నువ్వు రోజూ లాగేది బిగించి ఉందా?" అన్నాడు వార్విక్. "పోయడానికి మూత ఉంది, కారడానికి చిల్లు లేదు. ట్యాంకే." థెల్మాతో అన్నాడు, "నీళ్ళు ఇందులో పొయ్యి, ఉండు." గ్లెనిస్ వైపు తిరిగేసరికి గొంతు తగ్గింది. "మీరు మాత్రం..."

"తెలుసు. సర్దుకుంటున్నాం."

"కేకు బావుంది, గ్లెనిస్," అన్నాడు వార్విక్, టోపీ సర్దుకుంటూ. తర్వాత చుట్టూ చూశాడు. "మకాం చూడ్డానికి ఒకరు కావాలి. రాయిస్, నువ్వు చూస్తావా?"

రాయిస్ ఛాతీ ముందుకి వచ్చింది. ఆ నీడ చోటు మీద అతనికి మొదటి రోజు నుంచి కన్ను ఉంది. "నియమం అంటే నియమమే," అన్నాడు. "నేను చూస్తే ఇలాంటివి జరగవు."

"అయితే అబ్బాయ్," అంది థెల్మా కారు దిగుతూ, "నడవలేని పెద్దవాళ్ళ ట్యాంకు మురుగు గుంట దాకా లాక్కెళ్ళడం మకాం చూసేవాడి పనేనా?"

"నీకేం, దున్నపోతులా ఉన్నావు!"

"ఎనభై రెండు నాకు. మోకాళ్ళు నొప్పి."

"అది ఉంది రాయిస్," అన్నాడు వార్విక్. "ఆ పని కూడా ఉంది."

సర్దుకోవడానికి మధ్యాహ్నం అయింది. గ్లెనిస్ చెట్టుకి కట్టిన అట్ట విప్పి పొయ్యిలో పెట్టింది. నెవ్ మెట్టు మడిచాడు, బండిని నిలబెట్టే ఇనప కాళ్ళు పైకెత్తాడు, దీపాలు చూశాడు, బండి కొక్కానికి తగిలించాడు. ఎప్పుడూ ఏదో ఒకటి మర్చిపోయే మనిషి ఆ రోజు ఏదీ మర్చిపోలేదు. జనం కుర్చీలు దారి వైపు తిప్పుకుని కూర్చున్నారు, వేళ కాకపోయినా. కారవాన్ కదలగానే కిందున్న పచ్చగడ్డి మొత్తం బయటపడింది. ఎవరో చప్పట్లు కొట్టారు. "పదికి పది!" అన్నారు ఇంకెవరో. నెవ్ టోపీ ముందుకి లాక్కున్నాడు. గ్లెనిస్ అద్దం పూర్తిగా దించి కూర్చుంది.

"ఎక్కడికి?" అన్నాడు నెవ్ మకాం దారి చివరికి వచ్చాక.

"గుంట దగ్గర ఆపు. వాల్వు నిన్న మధ్యాహ్నం మూశాను. ఉన్నది పారబోసి పోదాం."

"ఒక్క రోజుది, ఏముంటుందిలే."

మురుగు గుంట దగ్గర అప్పటికే రాయిస్ ఉన్నాడు. థెల్మా కొత్త ట్యాంకు అతని చేతిలో ఉంది. పొద్దుటి ముఖం, మధ్యాహ్నం భోజనం, మేజోళ్ళు అన్నీ అందులోనే. థెల్మా సిగరెట్టుతో అతని పక్కన నిలబడింది, పని సరిగా చేస్తున్నాడో లేదో చూడ్డానికి. మోకాళ్ళ నొప్పి ఆ దూరాన్ని అడ్డుకోలేదు. రాయిస్ ట్యాంకు మూత తీసి గుంట మీద వంచాడు. చారెడు నీళ్ళు చప్పుడు చేసి ఆగిపోయాయి. అతను ట్యాంకుని ఇంకా ఎత్తాడు, అటూ ఇటూ ఊపాడు, ఒక కన్ను మూసి లోపలికి చూశాడు.

"అంతేనా?"

"అంతే," అంది థెల్మా. "ఇంకా కావాలా? రేపు చూద్దాం."

"దీనికోసం నన్ను ఇంత దూరం నడిపించావా?"

"నడిపించింది నేను కాదబ్బాయ్, నియమం."

గ్లెనిస్ దిగింది. నెవ్ లేవబోతే ఉండమని చేయి చూపించింది. పైపు తనే తగిలించి, గుంట మూత తీసి, వాల్వు లాగింది. నీళ్ళు దూకాయి. సబ్బు, పళ్ళ పేస్టు, నూనె, నిన్నటి చేపల వాసన. ఆమె నడుం మీద చేతులు పెట్టుకుని చూస్తూ నిలబడింది, తగ్గుతాయని. తగ్గలేదు. పైపు వణుకుతూనే ఉంది. రాయిస్ ఖాళీ ట్యాంకు తాడు పట్టుకుని వెళ్ళబోయి ఆగాడు. థెల్మా సిగరెట్టు ఆర్పి, పీక జేబులో వేసుకుంది.

"ఇద్దరేగా మీరు?" అంది.

"ఇద్దరమే."

"ఒక్క రోజుదేనా?"

గ్లెనిస్ పైపు మీంచి కళ్ళు తియ్యకుండానే తల ఊపింది. నెవ్ బండిలోంచి తల బయట పెట్టి వెనక్కి చూశాడు.

"అయిపోయిందా, గ్లెన్?"

నీళ్ళు ఇంకా పోతున్నాయి. "లేదు," అంది గ్లెనిస్. "దిగిరా. దిగొచ్చి చూడు."

నెవ్ దిగాడు. వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. నలుగురూ గుంటలోకి చూస్తూ ఉండిపోయారు, పైపు ఆగేదాకా. అది చాలాసేపటికి గానీ ఆగలేదు.